‘మెత్తని ఇనుము’ మాట మార్చుకుందాం

ట్రాన్స్‌ఫార్మర్ గురించి బడి పుస్తకాల్లో చెప్పే మాట ఏళ్ల తరబడి ఒక్కటే. మెత్తని ఇనుప రేకులను పొరలుగా పేర్చి కోర్ తయారుచేస్తారు. పొరలుగా ఎందుకంటే, ఎడ్డీ ప్రవాహాల వల్ల కలిగే శక్తి నష్టం తగ్గుతుంది. ఇంతే. రెండు వాక్యాలు, రెండు మార్కులు. పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు, మనం టిక్కు కొట్టి ముందుకు పోతాం. ఆ తరువాత వచ్చే లెక్కల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ ‘ఆదర్శ’ ట్రాన్స్‌ఫార్మరే. లోపలికి వెళ్లిన శక్తి అంతా బయటికి వచ్చేస్తుంది. నష్టం అన్న మాట పాఠంలో ఉంటుంది గానీ లెక్కలో ఉండదు.

ఈ రెండు వాక్యాల్లో మొదటిది ఇవాళ్టి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపోదు. రెండోది సగం నిజమే చెబుతుంది. మూడో చిక్కు తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే మనకు ఇంకా దగ్గరిది. ‘మెత్తని’ అన్న మాట పిల్లల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఆ మాటను మార్చుకోవాలనీ, కోర్ దేనితో చేస్తారో, దానివల్ల కరెంటు ఎంత పోతుందో లెక్కకట్టి చెప్పాలనీ తోటి ఉపాధ్యాయుల ముందు పెడుతున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. మెత్తనిది అంటే పిల్లవాడికి తెలిసింది దూది, వెన్న, బాగా ఉడికిన ముద్ద. ఇనుములో మెత్తనిది ఏది అని అడగండి. కట్టుతీగ అంటాడు. ఇంటి పనిలో కమ్మీలు కట్టే తీగ, చేత్తో వంచితే వంగుతుంది. అతని జవాబు అతనికి తెలిసినంత మేరకు సబబే. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌లో వేసే ఉక్కు అలాంటిది కాదు. అందులో సుమారు 3 శాతం సిలికాన్ కలుపుతారు. సిలికాన్ కలిసిన కొద్దీ ఉక్కు చేతికి గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది. 4 శాతం దాటితే రోలర్ల కింద సాగకుండా పగిలిపోయేంత పెళుసు. అంటే చేతికి గట్టిపడుతూ, అయస్కాంతం విషయంలో మాత్రం ‘మెత్తబడుతోంది’. ఇంకా కొత్త రకం కోర్లలో వాడే లోహపు రిబ్బను బ్లేడులా గట్టిది, దానితోనే వేలు తెగుతుంది. అయస్కాంతపరంగా చూస్తే అది ఇంకా ‘మెత్తనిది’. సెల్‌ఫోన్ చార్జర్‌లో ఉండే బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌ను కింద పడేస్తే పింగాణీ కప్పులా ముక్కలవుతుంది. పుస్తకం లెక్కన అదీ ‘మెత్తని’ పదార్థమే! ఇంగ్లీషులోనూ ఇదే గందరగోళం ఉంది. ‘సాఫ్ట్’ అన్న మాటను మాటకు మాటగా తెచ్చుకోవడంతో ఆ గందరగోళమూ మనకు సంక్రమించింది.

మరి అయస్కాంతపరంగా మెత్తదనం అంటే ఏమిటి? తరగతిలో దీన్ని చూపించడానికి ఒక సూది, ఒక ఇనుప మేకు, ఒక అయస్కాంతం చాలు. సూదిని అయస్కాంతం మీద ఒకే దిక్కుగా ఇరవై సార్లు రుద్దితే సూది తానే అయస్కాంతమై గుండుసూదుల్ని ఎత్తుతుంది. రేపు చూసినా ఎత్తుతుంది. మేకు అలా కాదు. అయస్కాంతం తగిలి ఉన్నంతసేపు ఎత్తుతుంది, తీసేయగానే చాలావరకు మరిచిపోతుంది. సూదికి జ్ఞాపకం ఎక్కువ, మేకుకు మతిమరుపు ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్‌కు కావలసింది మతిమరుపు ఇనుము. ఎందుకంటే మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది. ఒక్కో ఆవృత్తిలో కోర్ ఒకసారి ఇటు ఉత్తరం, ఒకసారి అటు ఉత్తరం కావాలి. నిన్నటి దిక్కును పట్టుకుని వేలాడే ఇనుమైతే ప్రతిసారీ దాన్ని బలవంతంగా తిప్పాలి. ఆ బలవంతానికి ఖర్చయ్యే శక్తి వేడిగా మారి నూనెలోకి, నూనె నుంచి గాలిలోకి పోతుంది. ఇదే హిస్టెరిసిస్ నష్టం.

ఈ మాటను పుట్టించినవాడు జేమ్స్ ఆల్ఫ్రెడ్ ఈవింగ్. 1880ల తొలినాళ్లలో టోక్యోలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, వెనకబడటం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. హిందీలో దీన్ని ‘శైథిల్య’ అన్నారు. దాన్నే తెలుగులో పెట్టి చెబితే పిల్లలకు హంపీలో కూలిన మంటపాలు గుర్తొస్తాయే తప్ప వెనకబాటు స్ఫురించదు. సాలు చివర ఎద్దును తిప్పడం పల్లె పిల్లలకు చెప్పనక్కరలేదు. అదిలించగానే తిరిగే ఎద్దుంటుంది, ములుగర్రతో పొడిస్తే గానీ తిరగనిదీ ఉంటుంది. పొద్దస్తమానం రెండో రకంతో దున్నిన రైతుకు ఎంత శ్రమో, మొండి ఇనుముతో చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు అంత నష్టం. ఈ పోలిక చెప్పాక ‘హిస్టెరిసిస్’ అన్న ఇంగ్లీషు మాటనే ఉంచినా పరవాలేదు. పై చదువుల్లో వాడికి ఎదురయ్యేది అదే.

పుస్తకం చెప్పని సగం నిజం ఇదే. రేకులుగా కోయడం వల్ల తగ్గేది ఎడ్డీ నష్టం ఒక్కటే. హిస్టెరిసిస్ నష్టం రేకును ఎంత పల్చగా చేసినా పోదు. దానికి పదార్థం మారాలి. ఈ రెంటినీ విడదీసి చెప్పకపోతే, పల్చటి రేకులు పెడితే చాలు ఏ ఇనుమైనా ఒకటే అని పిల్లవాడు అనుకుంటాడు. అలా అనుకుంటే తప్పు అతనిది కాదు.

ఎడ్డీ ప్రవాహాల పేరు వినగానే మా తరగతిలో నవ్వులు వస్తాయి. మా వైపు ఎడ్డోడు అంటే తెలివితక్కువవాడు. నవ్వనివ్వండి, మాట గుర్తుండిపోతుంది. ఇంగ్లీషులో ఎడ్డీ అంటే నీటి సుడి. మారే అయస్కాంత క్షేత్రంలో ఏ లోహపు దిమ్మె ఉన్నా దాని లోపల సుళ్లు సుళ్లుగా కరెంటు తిరుగుతుంది. అది ఏ పనీ చేయదు, ఊరికే లోహాన్ని వేడెక్కిస్తుంది. సుడి తిరగడానికి చోటుంటేనే పెద్దదవుతుంది. పొలాన్ని గట్లు వేసి మడులుగా విడగొడితే నీళ్లు ఏ మడిలో ఆ మడిలో ఆగినట్టు, దిమ్మెను పల్చటి రేకులుగా చేసి, ఒక్కో రేకు మీద కరెంటును అడ్డుకునే పూత పూస్తే సుళ్లు చిన్నవైపోతాయి. ఎంత చిన్నవి అన్నది ఇక్కడ ముఖ్యం. మందం సగమైతే నష్టం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మందానికి వర్గం చొప్పున తగ్గుతుంది. 0.5 మిల్లీమీటర్ల రేకు బదులు 0.25 మిల్లీమీటర్లది పెడితే సుడి నష్టం నాలుగో వంతుకు వస్తుంది. వర్గాలు, నిష్పత్తులు నేర్చిన పిల్లలకు ఇంతకంటే మంచి లెక్క దొరుకుతుందా?

సిలికాన్ చేసే రెండో మేలు ఇక్కడే ఉంది. స్వచ్ఛమైన ఇనుముతో పోలిస్తే 3 శాతం సిలికాన్ ఉన్న ఉక్కుకు విద్యుత్ నిరోధం నాలుగైదు రెట్లు ఎక్కువ. నిరోధం పెరిగితే సుడి కరెంటు తగ్గుతుంది. ఒకే కలయిక అటు హిస్టెరిసిస్‌నూ ఇటు ఎడ్డీనీ తగ్గిస్తోంది. ఇది ఒక్క రోజులో తెలిసిన సంగతి కాదు. 1831లో ఫారడే చుట్టలు చుట్టింది మామూలు ఇనుప వలయానికి. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ సంస్థలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ ముగ్గురూ కలిసి మూసిన కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను తయారుచేశారు. అప్పుడూ ఇనుమే. ఆ ఇనుముతో ఇంకో బాధ ఉండేది. వేడికి నెలలు గడిచే కొద్దీ ఇనుము ముసలిదైపోయేది, నష్టం ఏటికేడు పెరిగేది. 1900 ప్రాంతంలో షెఫీల్డ్‌కు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఉక్కులను పరీక్షిస్తూ డబ్లిన్‌లో విలియం బారెట్ బృందం సిలికాన్ ఉక్కు గుణాన్ని బయటపెట్టింది. నష్టం తగ్గడమే కాక ఈ ముసలితనమూ చాలావరకు తప్పింది. అప్పటినుంచి ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సిలికాన్ ఉక్కు దారి పట్టింది. ఆ మార్పు వచ్చి నూరేళ్లు దాటింది. మన పాఠాల్లో మాత్రం ఇంకా ‘మెత్తని ఇనుమే’ నడుస్తోంది.

ఇక 1934లో అమెరికాలో నార్మన్ గాస్ పేటెంటు పొందిన పద్ధతి. ఇనుప స్ఫటికానికి అయస్కాంతత్వం తేలిగ్గా ఎక్కే దిక్కు ఒకటుంది. మామూలు ఉక్కులో రేణువులు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి, సంతలో జనంలా. ఉక్కును చల్లగా రోలర్ల కింద నొక్కి, మధ్యమధ్యలో కాల్చి, మళ్లీ నొక్కి, చివరగా బాగా ఎక్కువ వేడిలో ఉంచితే రేణువులన్నీ ఆ తేలిక దిక్కు రేకు పొడవు వైపు ఉండేలా సర్దుకుంటాయి. ప్రార్థనలో వరుసగా నిలబడ్డ పిల్లల్లా. దీన్నే పరిశ్రమలో సి.ఆర్.జి.ఓ. అంటారు. కోల్డ్ రోల్డ్ గ్రెయిన్ ఓరియెంటెడ్. మన ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు చేసే వాళ్లంతా పలికే మాట ఇది. పుస్తకంలో లేదు కాబట్టి బడిలో వినపడదు. ఈ రేకులో దిక్కు తప్పితే గుణం తప్పినట్టే. పొడవు వైపు కాకుండా అడ్డంగా అయస్కాంతీకరిస్తే నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే కోర్ మూలల దగ్గర రేకులను ఫొటో ఫ్రేము మూలల్లా 45 డిగ్రీల వాలుగా కోసి కలుపుతారు.

ఆ తరువాతిది అమార్ఫస్ లోహం. ఇనుము, బోరాన్, సిలికాన్ కరిగించి, వేగంగా తిరిగే చక్రం మీద పోసి సెకనుకు సుమారు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారుస్తారు. స్ఫటికాలు కట్టేంత వ్యవధే దొరకదు. గాజులా గట్టిపడుతుంది. రిబ్బను మందం 0.025 మిల్లీమీటర్లు, తల వెంట్రుక కన్నా పల్చన. దీనితో చేసిన కోర్‌లో నష్టం సి.ఆర్.జి.ఓ. కోర్‌తో పోలిస్తే సుమారు మూడో వంతుకు దిగుతుంది. అయితే ఇందులో లోపాలూ ఉన్నాయి. ఇది తొందరగా ‘నిండిపోతుంది’. సిలికాన్ ఉక్కు 2 టెస్లాల దాకా భరిస్తే ఇది 1.56 దగ్గరే ఆగిపోతుంది. అందుకని కోర్ పెద్దది కావాలి, ధర పెరుగుతుంది. పెళుసు కాబట్టి కాలిపోయినప్పుడు మన ఊరి రిపేరు షాపుల్లో విప్పి సర్దడం కష్టం. మంచి చెడూ రెండూ చెప్పాలి. ఏ పదార్థమూ అన్నింటికీ మందు కాదన్న సంగతి పిల్లలకు తెలియడమూ సైన్సే.

ఇప్పుడు నష్టం ఎంత అన్న ప్రశ్న. ‘ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 98, 99 శాతం, ఆ ఒక్క శాతం కోసం ఇంత పాఠమా’ అని స్టాఫ్ రూములో అనేవాళ్లుంటారు. శాతంలో చూస్తే చిన్నదే. కానీ రాగి చుట్టల్లో నష్టానికీ కోర్‌లో నష్టానికీ ఒక పెద్ద తేడా ఉంది. చుట్టల్లో నష్టం వాడకాన్ని బట్టి ఉంటుంది, లోడు సగమైతే నాలుగో వంతుకు దిగుతుంది. కోర్ నష్టం అలా కాదు. లైను చార్జ్ అయి ఉన్నంతసేపూ ఉంటుంది. ఊరంతా దీపాలార్పి పడుకున్నా, ఒక్క బల్బూ వెలగకపోయినా, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సెకనుకు 50 సార్లు ఇటూ అటూ తిరుగుతూనే ఉంటుంది. రాత్రి నిశ్శబ్దంలో దాని దగ్గర వినిపించే ‘గుయ్’ మనే శబ్దం అదే. ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు రేకులు పిసరంత సాగి ముడుచుకోవడం వల్ల ఆ రొద 100 హెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతుంది.

100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మన వీధుల్లో మామూలుగా కనిపించేది. పాత ఐ.ఎస్. 1180 ప్రమాణంలో దానికి ఖాళీ నష్టం, అంటే ఏ లోడూ లేనప్పుడు పోయే శక్తి, 260 వాట్లు. పిల్లల చేత లెక్క చేయించండి. రోజుకు 6.24 యూనిట్లు. ఏడాదికి 8,760 గంటలు, అంటే సుమారు 2,278 యూనిట్లు. నెలకు 190 యూనిట్లు. ఒక మధ్యతరగతి ఇల్లు నెలకు వాడే కరెంటుకు అది తక్కువేమీ కాదు. ఎవరూ వాడలేదు, ఎవరి మీటరూ తిరగలేదు, అయినా బొగ్గు కాలింది. అదే చోట ఖాళీ నష్టం మూడో వంతున్న కోర్ పెడితే ఏడాదికి 1,500 యూనిట్ల పైచిలుకు మిగులుతుంది. ఇది ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ లెక్క. తమ తాలూకాలో ఎన్ని ఉన్నాయో పిల్లలే ఊహించి గుణించుకోవచ్చు. పైగా కుడితిని థర్మల్ కేంద్రంలో పుట్టిన కరెంటు మన ఇంటికి చేరేలోగా నాలుగైదు ట్రాన్స్‌ఫార్మర్లు దాటి రావాలి. ప్రతి చోటా కోర్ తన వంతు తీసుకుంటుంది.

2014లో ఆ ప్రమాణాన్ని సవరించినప్పుడు ఖాళీ నష్టాన్ని విడిగా చెప్పడం మాని, సగం లోడు మీద, పూర్తి లోడు మీద మొత్తం నష్టం ఇంతకు మించరాదని మూడు స్థాయిలుగా హద్దులు పెట్టారు. ఫ్రిజ్జులకూ ఫ్యాన్లకూ ఉన్నట్టే వీధి ట్రాన్స్‌ఫార్మర్లకూ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నక్షత్రాల గుర్తింపు ఉంది. ఇంట్లో ఫ్రిజ్జు మీద ఎన్ని నక్షత్రాలో పిల్లవాడికి తెలుసు. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కూ నక్షత్రాలుంటాయని చెబితే కళ్లు పెద్దవి చేస్తాడు.

కోర్ ఉక్కు ఖరీదైనది. మన దేశం దాన్ని చాలాకాలంగా ఎక్కువ భాగం దిగుమతి చేసుకుంటోంది. అందువల్ల పుట్టిన వ్యాపారం ఒకటుంది. విదేశాల్లో విప్పేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లను తెచ్చి, కోసి, కొత్తవాటిలో పెట్టడం. దీని మీద పరిశ్రమ వాళ్లే ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు, కేంద్రం నాణ్యతా ఉత్తర్వులూ తెచ్చింది. అలాంటి రేకులో పూత పోయి ఉంటుంది, అంచులకు గరుకు లేస్తుంది, కోసేటప్పుడు రేణువుల దిక్కు తప్పవచ్చు. పైకి కొత్త రంగు, లోపల ముసలి కోర్. చూపుకు తేడా తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. ‘మెత్తని ఇనుప రేకులు’ అని మాత్రమే చదివినవాడు దీన్ని పట్టుకోలేడు. రేకు గుణం దిక్కులో, పూతలో, కోతలో ఉందని తెలిసినవాడు ప్రశ్న వేయగలడు. రేపు ఈ పిల్లల్లో ఒకడు లైన్‌మన్ అవుతాడు, ఒకడు రిపేరు షాపులో చేరతాడు, ఒకతె డిప్లొమా చేసి విద్యుత్ సంస్థలో ఇంజినీరవుతుంది. సుత్తితో కొట్టి రేకులు సర్దితే ఉక్కులో ఒత్తిడి పెరిగి నష్టం ఎక్కువవుతుందన్న చిన్న విషయం కూడా వాళ్ల చేతుల్లో పనికొస్తుంది.

మా బళ్లారి వాళ్లకు ఈ పాఠం ఇంకా దగ్గరిది. సండూరు కొండల ఇనుప ఖనిజం లారీలు చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్లు. చాలామంది తండ్రులు ఆ లారీల మీదో, తోరణగల్లు ఉక్కు కర్మాగారంలోనో పనిచేస్తారు. ఆ తోరణగల్లు దగ్గరే సి.ఆర్.జి.ఓ. ఉక్కు తయారు చేయడానికి 2024లో జె.ఎస్.డబ్ల్యూ., జపాన్‌కు చెందిన జె.ఎఫ్.ఇ. కలిసి ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. ఆ తరువాత మహారాష్ట్రలోని నాసిక్‌లో ఈ ఉక్కును ఏళ్లుగా తయారు చేస్తున్న కర్మాగారాన్నీ కొన్నాయి. అంటే ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కు కావలసిన ఉక్కు మన పిల్లల ఊరి పక్కనే తయారు కాబోతోంది. ఆ గేటు ముందు ఉద్యోగానికి నిలబడినప్పుడు తెలుగు మాధ్యమం పిల్లవాడి నోట ‘మెత్తని ఇనుము’ అన్న మాట ఒక్కటే ఉంటే, లోపల జరిగే పని అతనికి ఎలా అర్థమవుతుంది? మాధ్యమం తెలుగైతే నష్టమేమీ లేదు. ఆ మాధ్యమంలో మనం పాత సరుకు పెడుతుండటం వల్లే నష్టం.

‘పరీక్షలో అడిగేది ఆ రెండు వాక్యాలే, మిగతాది కాలేజీలో నేర్చుకుంటారు’ అని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అంటారు. మొదటి మాట నిజమే. రెండోది నిజం కాదు. మన బడుల నుంచి సగం మంది కాలేజీకి కాక ఐటీఐకి, పనుల్లోకి వెళ్తారు. కాలేజీకి వెళ్లినవాళ్లు కూడా ఒక్కసారిగా కన్నడంలోకో తమిళంలోకో ఒడియాలోకో ఇంగ్లీషులోకో మారతారు. అప్పుడు భాషతో కుస్తీ పడుతూ విషయాన్నీ కొత్తగా నేర్చుకోవాలంటే ఎవరికైనా కష్టమే. విషయం తెలుగులో గట్టిగా పట్టుబడి ఉంటే మాట మార్చుకోవడం పెద్ద పని కాదు. అందుకే విషయాన్ని తెలుగులో చెబుతూనే కోర్, లామినేషన్, స్టాంపింగ్, సి.ఆర్.జి.ఓ., హిస్టెరిసిస్, నో-లోడ్ లాస్ అన్న పని మాటల్ని ఉన్నవి ఉన్నట్టు పిల్లల చేత పలికించాలి. వీటిని సంస్కృతంలోకి మార్చి కొత్త బరువు పెట్టనక్కరలేదు. ‘మెత్తని ఇనుము’ స్థానంలో ‘తేలిగ్గా అయస్కాంతమై తేలిగ్గా మరిచిపోయే ఉక్కు’ అంటే కొంచెం పొడుగే. పొడుగైనా నిజం.

దీనికి ప్రయోగశాల కావాలా అంటే అక్కరలేదు. గుజిరీ అంగడికి వెళ్లి పాడైన స్టెబిలైజర్‌లోనో పాత రేడియో ఎలిమినేటర్‌లోనో ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చుకోండి. కరెంటుకు తగిలించే పనే లేదు. విప్పితే ఇంగ్లీషు ‘ఇ’, ‘ఐ’ అక్షరాల ఆకారంలో రేకులు వస్తాయి. ఇరవై రేకులు పేర్చి స్కేలుతో కొలిచి ఇరవైతో భాగించమనండి. దాదాపు అర మిల్లీమీటరు దగ్గర వస్తుంది. కట్టుతీగ ఒక చేతిలో, ఈ రేకు ఒక చేతిలో పెట్టి ఏది మెత్తనో అడగండి. పాఠంలోని తప్పు వాళ్ల వేళ్లకే తెలుస్తుంది. పక్కన పాడైన సెల్ చార్జర్ ఒకటి విప్పి పెడితే, అదే పనికి అంత చిన్న కోర్ ఎలా సరిపోయిందన్న ప్రశ్న వాళ్లే వేస్తారు. చార్జర్‌లో కరెంటు సెకనుకు వేల సార్లు, తరచు యాభై వేలకు పైగా తిరుగుతుంది. సుడి నష్టం ఆవృత్తి వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి అక్కడ లోహపు రేకు పనికిరాదు, కరెంటును దాదాపు పోనివ్వని ఫెరైట్ పెట్టాలి. ఇనుప ఆక్సైడుతో చేసిన పింగాణీ లాంటి పదార్థం అది. చార్జర్‌ను కరెంటు నుంచి తీసిన వెంటనే విప్పకూడదని, లోపలి కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉంటుందని చెప్పడం మరవొద్దు. వీలైతే ఆ పని ఉపాధ్యాయుడే ఒకరోజు ముందు చేసి పెట్టుకోవాలి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మాత్రం పిల్లల్ని ఎట్టి పరిస్థితిలోనూ తీసుకెళ్లొద్దు. కంచె బయట నుంచి చూపించండి. దాని రేటింగ్ ప్లేటు ఫొటో లైన్‌మన్‌ను అడిగి తెప్పించుకుంటే సరిపోతుంది.

రాగి, అల్యూమినియం గొట్టాల్లోంచి బలమైన అయస్కాంతాన్ని జారవిడవడం కూడా మంచి ప్రయోగమే. గొట్టంలో సుడి ప్రవాహాలు పుట్టి అయస్కాంతం దిగడం నెమ్మదిస్తుంది. కానీ ఆ అయస్కాంతాలు కొనాలి, చిన్నపిల్లలు మింగితే ప్రమాదం. గుజిరీ రేకులతోనే నాకు ఎక్కువ పని జరుగుతోంది.

పుస్తకం మార్చడం మన చేతుల్లో లేదు. పాఠ్యపుస్తకాలు రాష్ట్రాల వాళ్లవి, మనకు వచ్చేది వాటి తెలుగు అనువాదం. అయితే అనువాదానికీ, పరిశీలనకూ తెలుగు ఉపాధ్యాయుల్ని పిలుస్తారు. అలా పిలుపు అందుకున్నవాళ్లు ఈ ఒక్క వాక్యం గురించి లిఖితపూర్వకంగా చెప్పవచ్చు. ‘మెత్తని ఇనుము’ తీసి ‘సిలికాన్ ఉక్కు’ పెట్టమని, ఎడ్డీతో పాటు హిస్టెరిసిస్ గురించి ఒక్క వాక్యం కలపమని. అచ్చులో రెండు పంక్తులు పెరుగుతాయేమో. ప్రశ్నపత్రం తయారుచేసే మిత్రులు ‘కోర్‌ను పొరలుగా ఎందుకు చేస్తారు’ అని అడగడం ఒక్క ఏడాది ఆపి, ఇలా అడిగి చూడండి. ఒక ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఖాళీ నష్టం 260 వాట్లు, ఇంకో ఊరి దానికి 90 వాట్లు. రెండు ఊళ్లలోనూ రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు వరకు ఎవరూ కరెంటు వాడరు. ఆ ఏడు గంటల్లో ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎన్ని యూనిట్లు పోతాయి? ఆ తేడాకు కారణం ఏమై ఉంటుంది? 1.82, 0.63. రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో ‘మెత్తని ఇనుము’ అని ఎంతమంది రాశారో లెక్కపెట్టి, పాఠం అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.